బళ్లారి జిల్లా, రాయదుర్గం తాలూకా

మొదటి రోజు: అనంతపురం నుంచి బళ్లారికి

మా తాతగారు దాచిన భూమి కాగితాల కట్టలో అట్టడుగున ఉన్న దస్తావేజు మీద "బళ్లారి జిల్లా, రాయదుర్గం తాలూకా" అని రాసి ఉంటుంది. ఇప్పుడు రాయదుర్గం ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం జిల్లాలో ఉంది, బళ్లారి కర్ణాటకలో ఉంది. అయినా నా చిన్నతనంలో ఇంట్లో ముసలివాళ్లు "జిల్లాకు పోయొస్తా" అని సంచీ భుజాన వేసుకున్నారంటే వెళ్లేది అనంతపురానికి కాదు, బళ్లారికే. ఆ ఊరు తెలుగువాళ్లదా కన్నడిగులదా అన్న తగాదా 1953లోనే తీరిపోయింది కనుక దాన్ని మళ్లీ తవ్వడం నా ఉద్దేశం కాదు. చుట్టుపక్కల ఊళ్లను ఒక్కొక్కటిగా చూసి, వాటి పక్కన నిలబెడితే బళ్లారికి ఎవరి పోలికలు కనిపిస్తాయో తెలుసుకోవాలని ఆరు రోజులు కేటాయించుకుని 2025 జనవరిలో బయలుదేరాను.

అనంతపురం దాటాక చాలా దూరం వరకు చెనిక్కాయ పీకేసిన ఎర్రటి చేలే కనిపించాయి. పడగ విప్పిన పాములాంటి కొండ వల్ల పేరు వచ్చిందని చెప్పే ఉరవకొండ దగ్గరికి వచ్చేసరికి నేల నల్లబడింది, శనగా జొన్నా మొదలయ్యాయి. రాష్ట్రం మారింది మాత్రం ఆ తర్వాత ఎంతో దూరం పోయాక, విడపనకల్లు కూడా దాటాక. నల్లరేగడికి ఆ గీతతో ఏ సంబంధమూ లేదు. అది ఈ పక్కన ఎలా ఉందో ఆ పక్కనా అలాగే ఉంది.

సరిహద్దు వచ్చిన సంగతి నేను అక్షరాల తలలు చూసి తెలుసుకున్నాను. తెలుగు అక్షరం నెత్తిన తలకట్టు చిన్న కొక్కెంలా పైకి లేస్తుంది. కన్నడంలో అదే గీత అడ్డంగా సాగి కుడి కొసన కొద్దిగా వంగుతుంది. ఒకే లిపి నుంచి విడివడిన రాతలు కనుక గ, న, ర, ద లాంటి అక్షరాలకు ఇంచుమించు ఆ తలకట్టు ఒక్కటే తేడా. క, త, శ ఎదురైనప్పుడే కన్నడం చదవని తెలుగువాడు తడబడతాడు. రోడ్డు పక్కన ఒక ఎరువుల దుకాణం మీద రెండు భాషల్లోనూ పేరు రాయించారు. రెండూ ఒకే చెయ్యి రాసినవని చూడగానే తెలిసింది, ఎందుకంటే కన్నడ వరుసలో సగం అక్షరాలకు తెలుగు కొక్కేలే తగిలించి ఉన్నాయి. తప్పే అయినా, ఈ దారిలో నేను చూసిన బోర్డులన్నిటిలోకీ నాకు నచ్చింది అదే.

హగరి నది వంతెన దాటాక రెండు రాతి గుట్టలు కనిపించాయి. వాటి చుట్టూ ఊరు. బస్సు దిగగానే ఆటో అతను "ఎల్లిగె హోగ్బేకణ్ణా" అని అడిగి, నేను జవాబు వెతుక్కునేలోపే "యాడికి పోవాలన్నా" అని మార్చాడు. నా మొహంలో ఏం చూశాడో అడగలేదు.

రెండో రోజు: బళ్లారి

పొద్దున తేరు వీధి దగ్గర ఒక బండి ముందు నిలబడ్డాను. బండావిడ బొరుగుల్ని నీళ్లలో ముంచి, రెండు చేతులతో పిండి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ పసుపూ వేగుతున్న పోపులోకి వదిలి, నాలుగు తిప్పులు తిప్పి, పైన వేయించిన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇచ్చింది. మేము ఉగ్గాని అనేదాన్ని ఇక్కడ ఒగ్గరణె అంటారు. కన్నడంలో ఒగ్గరణె అంటే పోపు. మేము బొరుగులు అనేవాటిని వాళ్లు మండాళు అంటారు. పేర్లు ఎలా ఉన్నా తినే తీరు ఒక్కటే, తినే వేళ కూడా ఒక్కటే. పొద్దున్నే బొరుగుల్ని ఇలా తినే అలవాటు విజయవాడకూ లేదు, మైసూరుకూ లేదు. ఒక ఊరి సీమ ఏదో తెలుసుకోవాలంటే భాషకన్నా ముందు ఉదయపు పలహారం అడగాలని నా నమ్మకం. ఆ లెక్కన బళ్లారికి అనంతపురం, ఆదోని, గుంతకల్లు తోబుట్టువులు.

తర్వాత కోట ఎక్కాను. పై కోటను హనుమప్ప నాయకుడు కట్టించాడని అంటారు. తర్వాత ఊరిని పట్టుకున్న హైదర్ అలీ, ఒక ఫ్రెంచి ఇంజనీరుతో కోటను బలపరిపించి, తీరా పక్కనున్న కుంబార గుడ్డ అనే గుట్ట కోట గుట్టకంటె ఎత్తుగా ఉందని గ్రహించి, ఆ ఇంజనీరును ఉరితీయించాడని ఇక్కడ చెప్పుకునే కథ. నిజం మాట ఎలా ఉన్నా, బళ్లారి ఎప్పుడూ పక్కనున్నదానితో కొలవబడే ఊరు అనడానికి ఇంతకన్నా మంచి కథ దొరకదు.

గుట్ట మీద నిలబడితే పడమటి దిక్కున సండూరు కొండలు మసకగా కనిపిస్తాయి. సండూరు 1949 దాకా ఘోర్పడే వంశపు మరాఠా సంస్థానం. తూర్పున నేను వచ్చిన చదును నేల. 1800లో నిజాం ఈ ప్రాంతమంతటినీ ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు కనుక ఇవి దత్తమండలాలు అయ్యాయి. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ శిస్తు నిర్ణయించాడు. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి జిల్లా నుంచే విడివడింది. ఈ సంగతిని అనంతపురంలో ఎవరూ గుర్తు చేసుకోరు, తల్లి ఇల్లు పరాయి ఊరిలో పడిపోయిన కూతురు ఊరుకున్నట్టు. దత్తమండలం అన్న పేరు నామోషీగా ఉందని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు. అప్పటికి బళ్లారి కూడా ఆ రాయలసీమలోదే. పాత ఇంగ్లీషు పేరు మాత్రం ఇప్పటికీ సినిమా వ్యాపారంలో "సీడెడ్" అన్న మాటగా బతికి ఉంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను తాలూకాల వారీగా పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి; తక్కినవి మైసూరుకు పోయాయి. బళ్లారి తాలూకా సంగతి మాత్రం మొదట తేలలేదు. దానికోసం ప్రత్యేకంగా జస్టిస్ మిశ్రాను నియమించి, ఆయన నివేదిక వచ్చాక మైసూరుకు ఇచ్చారు. తక్కిన కర్ణాటక 1956 నవంబరు 1న ఒక్కటైంది. బళ్లారి మూడేళ్లు ముందే అక్కడికి చేరి ఎదురుచూసింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటె విచిత్రంగా తోచేది నాటకం. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారి వకీలు. సరసవినోదినీ సభ ఆయనది. దానికి పోటీగా సుమనోరమ సభ నడిపిన కోలాచలం శ్రీనివాసరావు కూడా ఈ ఊరివాడే. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన రాఘవ ఈ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకుని బళ్లారి రాఘవ అయ్యాడు. తెలుగుతో పాటు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ వేషాలు కట్టాడు. ఆధునిక తెలుగు నాటకం కాళ్లు నిలదొక్కుకున్న ఊళ్లలో ఒకటి ఈనాడు తెలుగు రాష్ట్రాల్లో లేదు. అయినా రాఘవ పేరుతో కట్టిన కళామందిరం ఇక్కడ నిలిచే ఉంది. ఆయన విజయవాడ రాఘవ అయి ఉంటే అక్కడ ఇంత శ్రద్ధగా పేరు నిలబెట్టుకునేవారా అని నాకు అనుమానమే.

సాయంత్రం ఒక వృద్ధ న్యాయవాదితో మాట్లాడాను. ఇంట్లో తెలుగు, కోర్టులో కన్నడం, పాత తీర్పులు చదవడానికి ఇంగ్లీషు, కౌల్ బజార్ కక్షిదారులతో ఉర్దూ. "బెంగళూరుకు పోతే మీరు ఆంధ్రా కడెయవరా (ఆంధ్రా వైపువారా) అంటారు, అనంతపురం వస్తే మీరు కన్నడోళ్లా సార్ అంటారు, బళ్లారిలో ఉన్నంతసేపే నన్నెవరూ ఏమీ అడగరు" అన్నాడు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. కాఫీ చల్లారుతోందని మాత్రం తొందరపెట్టాడు.

మూడో రోజు: హోసపేట

హోసపేట బస్సులో నా పక్క సీటులో కూర్చున్న ఆవిడ దారి పొడుగునా ఫోనులో తెలుగే మాట్లాడింది. పుట్టిల్లు ఉరవకొండ దగ్గర పల్లె అని తర్వాత చెప్పింది. కండక్టరు రాగానే సంచీలోంచి ఆధార్ కార్డు తీసి చూపించింది. కర్ణాటక చిరునామా ఉన్న ఆడవాళ్లకు 2023 జూన్ నుంచి ఆ రాష్ట్రపు మామూలు బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టరు కార్డు మీద ముఖం చూడలేదు, అడుగున ఉన్న చిరునామా చూసి సున్నా టికెట్టు చించి ఇచ్చాడు. "కన్నడం చదవడం వచ్చా అమ్మా" అని నేను అడిగితే, "నాకు రాదు, కార్డుకు వచ్చు కదా" అంది.

తోరణగల్లు దగ్గర ఉక్కు కర్మాగారం వచ్చేసరికి చెట్ల ఆకులు కూడా ఇనుప ధూళితో ఎర్రగా ఉన్నాయి, టీ కొట్ల మీద హిందీ రాతలు కనిపించాయి. గనుల వల్లా కర్మాగారం వల్లా వచ్చి చేరిన జనానికి బళ్లారి తెలుగుదా కన్నడానిదా అన్నది ప్రశ్నే కాదు.

తుంగభద్ర ఆనకట్టను మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు కలిసి 1945లో మొదలుపెట్టాయి. అది పూర్తయిన 1953లోనే బళ్లారి చేతులు మారింది. 33 గేట్లలో 19వ గేటు 2024 ఆగస్టులో గొలుసు తెగి కొట్టుకుపోగా, ప్రవాహంలోనే ఇనుప పలకలు దింపి నీటిని ఆపారు. నేను చూసినప్పుడు ఆ వరసలో అదొక్కటీ కట్టుడు పన్నులా తెలిసిపోతోంది. మొదట 133 టీఎంసీలు పట్టే జలాశయం పూడిక వల్ల ఇప్పుడు 105 చిల్లరే పడుతోంది. కుడివైపు ఎగువ కాలువ (హై లెవెల్ కెనాల్) బళ్లారి పొలాల మీదుగా పోయి అనంతపురానికి చేరుతుంది, దిగువ కాలువ కర్నూలు జిల్లాకు. మావైపు రైతులు పేరు విప్పకుండా "హెచ్చెల్సీ" అనేస్తారు. బళ్లారి రైతు నోటా అదే మాట విన్నాను, అదే ముక్కు విరుపుతో: పైవాడు నీళ్లు ఆపేస్తున్నాడని. అనంతపురం రైతుకు పైవాడు బళ్లారి రైతు; బళ్లారి రైతుకు పైవాడు మరొకడు.

హోసపేట 2021లో విజయనగర జిల్లా పేరుతో బళ్లారి నుంచి వేరుపడింది. ఇక్కడి తీరు స్పష్టంగా కన్నడ తీరు. భోజనాల హోటల్లో జొన్న రొట్టెతో పుండి పల్యె వడ్డించారు. తిని చూస్తే గోంగూరే. తెలంగాణవారు దాన్నే పుంటికూర అంటారన్నది గుర్తుకొచ్చి, గోంగూర ఆంధ్రులదన్న మన గొప్ప కొంచెం తగ్గించుకున్నాను. హోటలాయన నేను బళ్లారి నుంచి వచ్చానని విని "ఓ, తెలుగు కడె" అన్నాడు. అరవై కిలోమీటర్ల దూరంలోని ఊరు, నిన్న మొన్నటిదాకా తమ జిల్లా కేంద్రం, ఆయనకు అప్పుడే తెలుగువైపు అయిపోయింది.

పక్కనే ఉన్న హంపికి వెళ్లి మధ్యాహ్నమంతా తిరిగాను కానీ దాని గురించి ఇక్కడ రాయను. ఒక్క సంగతి మాత్రం: అనంతపురంలో 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది, బళ్లారిలో 2010 నుంచి విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. వంద కిలోమీటర్ల దూరంలో ఒకే రాజు పేరు మీద రెండు, ఒకటి తెలుగువారు పెట్టుకున్నది, ఒకటి కన్నడిగులు పెట్టుకున్నది. రాయలు మావాడంటే మావాడని ఎవరూ పేచీకి దిగకపోవడం మెచ్చుకోవలసిన విషయం.

నాలుగో రోజు: సిరుగుప్ప మీదుగా రాయచూరు

మళ్లీ బళ్లారి వచ్చి ఉత్తరానికి మళ్లాను. సిరుగుప్ప దగ్గర నేల ఉన్నట్టుండి వరిమయమైపోయింది. తుంగభద్ర దాటి సింధనూరు వైపు పోయేకొద్దీ ఊళ్ల పేర్లకు చివర "క్యాంపు" అన్న మాట తగులుకుంది. కాలువలు వచ్చిన కొత్తలో కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి, భూములు కొని, పొలాల మధ్యనే ఇళ్లు వేసుకున్న చోట్లు ఇవి. ఒక క్యాంపులో టీ తాగుతూ రెండు మాటలు వినగానే ఇది నా తెలుగు కాదని తెలిసింది. "ఎక్కడికండీ", "అలాగేనండీ" అనే తెలుగు అది. బళ్లారిలో వినిపించే "యాడికి", "ఎట్లప్పా" ఇక్కడ లేవు. అంటే బళ్లారి తెలుగు వలస వచ్చిన తెలుగు కాదు, అక్కడి నేలతోపాటు ఉన్నది. క్యాంపు తెలుగు లారీల్లో సామానుతో వచ్చినది. కర్ణాటకలోని తెలుగువారు అని ఇద్దరినీ కలిపి ఒక్క మాట అనేవాళ్లు ఈ దారిలో ఒకసారి బస్సెక్కాలి.

నది దాటడం చిన్న విషయం కాదు. 1948 దాకా అవతలి గట్టు నిజాం రాజ్యం, ఇవతలి గట్టు మద్రాసు. రాయచూరు వీధుల్లో ఉర్దూ మాట బళ్లారిలోకన్నా చిక్కగా వినిపించింది. తెలుగు మాట్లాడితే పాలమూరు యాస పలికింది. హైదరాబాదు ఇక్కడికి ఎంత దూరమో బెంగళూరు దాదాపు దానికి రెట్టింపు; జబ్బు చేసినా పెళ్లి బట్టలు కొనాలన్నా జనం హైదరాబాదే పోతారు. రాయచూరు కోట గోడలో సుమారు నలభై అడుగుల పొడవున్న ఒకే బండ మీద 1294 నాటి కాకతీయుల కాలపు తెలుగు శాసనం ఉంది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తుంటే, చౌకీదారు నన్ను చూసి ఇది ఏ భాష అని అడిగాడు. తెలుగు అంటే, "హౌదా, నేను హళెగన్నడం (పాత కన్నడం) అనుకున్నా" అన్నాడు. అతడిని తప్పు పట్టలేం. ఆ కాలపు లిపిని చూసి ఇట్టే తేల్చి చెప్పడం నావల్లా కాదు.

ఇక్కడే ఒక తమాషా గుర్తుకొచ్చింది. వెనుకబడిన హైదరాబాదు–కర్ణాటక ప్రాంతానికి ఉద్యోగాల్లో, చదువుల్లో ప్రత్యేక సదుపాయం ఇచ్చే 371(జె) అధికరణం రాజ్యాంగంలో చేరినప్పుడు బళ్లారిని కూడా అందులో కలిపారు. 2019లో ఆ ప్రాంతాన్ని కల్యాణ కర్ణాటక అన్నారు. నిజాం 1800లోనే వదులుకున్న ఊరు, 1948లో ఆయన రాజ్యంలో లేనే లేని ఊరు, రెండు వందల ఏళ్ల తర్వాత నిజాం వారసత్వపు జాబితాలోకి ఎక్కింది. రాయచూరులో ఒక అధ్యాపకుడు ఈ మాట ఎత్తగానే, బళ్లారివాళ్లు మద్రాసు బడుల్లో చదువుకుని ముందుకు పోయినవాళ్లనీ, ఇప్పుడు మా వాటా తింటున్నారనీ మొహమాటం లేకుండా అన్నాడు. బళ్లారిలో అడిగితే, గనుల దుమ్ము తినేవాళ్లకు ఆ మాత్రం దక్కకూడదా అంటారు. ఇద్దరి మాటలోనూ సబబు ఉంది.

ఐదో రోజు: మంత్రాలయం, ఆదోని

రాయచూరు నుంచి రైల్లో మళ్లీ తుంగభద్ర దాటి ఆంధ్రలోకి వచ్చాను. మంత్రాలయం కర్నూలు జిల్లాలో ఉన్నా, రాఘవేంద్రస్వామి మఠంలో నా చెవిన పడిన మాటల్లో ఎక్కువ కన్నడమే. బళ్లారివాళ్లు ఇక్కడికి, గుంతకల్లు పక్కన కసాపురం ఆంజనేయుడి దగ్గరికి, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి వస్తూనే ఉంటారు. దేవుళ్లకు తాలూకాల పంపకం వర్తించలేదు.

ఆదోనిని చూశాక నా ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టయింది. పత్తి మార్కెట్టు యార్డులో తెల్లటి కుప్పల మధ్య నిలబడితే, కమీషన్ ఏజెంటు రైతుతో తెలుగులో, ఆ రైతు తన తమ్ముడితో కన్నడంలో, హమాలీలు తమలో తాము ఉర్దూలో మాట్లాడుకుంటున్నారు. కొనుగోలుదారు కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, లోపలి నుంచి గుప్పెడు దూది తీసి, వేళ్ల మధ్య పొడవుగా సాగదీసి, ఒక గింజను పంటికింద కొరికి చూసి, ఏ భాషలోనూ ఏమీ అనకుండా చీటీ మీద ధర వేశాడు. రాతి గుట్ట, దాని మీద కోట, కింద పేట, చుట్టూ నల్లరేగడి: ఆదోని, బళ్లారి ఒక కుండలోని అన్నమే. తేడా అంతా 1953 తర్వాత వచ్చింది. ఉక్కు, విమానాశ్రయం, వైద్య కళాశాల అటు చేరాయి. ఇటు పత్తి మిగిలింది. బళ్లారి పక్కన నిలబెట్టడానికి తగిన ఊరు బెంగళూరు కాదు, అనంతపురం కాదు, ఆదోనే అని నాకు అనిపించింది. వాటిని ఎవరూ అలా పోల్చకపోవడానికి కారణం అవి వేర్వేరు రాష్ట్రాల పటాల్లో అంచులకు పోయి ఉండటమే.

ఆరో రోజు: ఆలూరు, రాయదుర్గం

ఆలూరు ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపే కన్నడ బడులు ఉన్నాయి. బస్సు ఆగిన ఒక పల్లెలో పిల్లలు కన్నడ వాచకం చంకన పెట్టుకుని తెలుగులో తిట్టుకుంటున్నారు. మధ్యాహ్నానికి బళ్లారి మీదుగా రాయదుర్గం చేరాను.

బళ్లారి జీన్స్ ప్యాంట్లకు పేరుపడ్డ ఊరు. రాయదుర్గంలోనూ వీధి వీధినా కుట్టు మిషన్లే. మా బంధువుల ఇంటి పక్క గదిలో ఆరు మిషన్లు నడుస్తున్నాయి. బళ్లారిలో కత్తిరించిన నీలం ముక్కలు కట్టలు కట్టి వచ్చాయి: కాళ్లు ఒక కట్ట, జేబులు ఒక కట్ట, నడుము పట్టీలు ఒక కట్ట. కట్టకు గుచ్చిన అట్టముక్క మీద కొలతలు అంకెల్లో, కొట్టు పేరు కన్నడంలో ఉంది. గది యజమాని ఆ అట్టను చూసి బళ్లారికి ఫోను చేశాడు. ముందుగా కన్నడంలో కుశలం అడిగాడు, "హౌదురీ, హౌదురీ" అంటూ సరుకు అందిందని చెప్పాడు, వాషింగుకు ఎప్పుడు పంపాలో కన్నడంలోనే తేల్చుకున్నాడు. కుట్టుకూలి దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచి, "అట్లయితే కాదప్పా, నూలుకు కూడా రాదు" అన్నాడు. అవతలివాడు కూడా తెలుగులోకి దిగాడని ఫోను దూరం పెట్టుకున్నప్పుడు నాకూ వినిపించింది.